అమెరికా సుంకం వేస్తే ఉండి చెరువులో రొయ్య ధర ఎందుకు పడుతుంది?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా ఉండి దగ్గర. ఎనిమిది ఎకరాల్లో వనామీ రకం రొయ్య సాగు చేస్తున్నాం. అమెరికా సుంకం 50 శాతం అనగానే ఇక్కడ కొనేవాళ్లు కిలో ధర తగ్గించేశారు. సుంకం కట్టేది అమెరికాలో కొనేవాడు కదా, నా ధర ఎందుకు తగ్గాలి? ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేయలేమా? అమెరికా కోర్టులు ఈ సుంకాన్ని కొట్టేస్తే మాకేమైనా తిరిగి వస్తుందా? తర్వాతి పంట వేయాలా, వద్దా?

జవాబు:

సముద్ర ఉత్పత్తుల కంపెనీల తరఫున అమెరికా సుంకాల కేసులకు లెక్కలు, పత్రాలు సిద్ధం చేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఆ విచారణల్లో కంపెనీ పేరు వినపడుతుంది, లాయరు పేరు వినపడుతుంది, రైతు పేరు వినపడదు. నష్టం మాత్రం రైతు దగ్గరకే వచ్చి ఆగుతుంది. అందుకే మీ ప్రశ్నలకు కాస్త విపులంగా రాస్తున్నాను. చెప్పేదంతా 2025 సెప్టెంబరు చివరినాటి పరిస్థితి.

ముందుగా, సుంకం ఎవరు కడతారన్న సంగతి. అమెరికా కస్టమ్స్ రికార్డుల్లో దిగుమతిదారుగా ఎవరి పేరు ఉంటే వాళ్లు కట్టాలి. ఆ పేరు అమెరికా వ్యాపారిదే అయివుండాలన్న నియమమేమీ లేదు. మన రొయ్యల ఎగుమతిలో చాలా సరుకు డీడీపీ షరతు మీద పోతుంది. అంటే ఓడ కిరాయి, బీమా, సుంకం అన్నీ అమ్మేవాడే భరించి, సరుకును కొన్నవాడి గోదాము దాకా చేర్చాలి. అలాంటప్పుడు రికార్డుల్లోని దిగుమతిదారు విశాఖ, కాకినాడ, నెల్లూరు వైపు కంపెనీయే. లేకపోతే అది అమెరికాలో పెట్టుకున్న అనుబంధ సంస్థ. రెండో విడత 25 శాతం ఆగస్టు 27న అమల్లోకి వచ్చినప్పుడు, అంతకు ముందే ఓడెక్కి సెప్టెంబరు 17లోగా అక్కడ దిగుమతైన సరుకుకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఆ గడువు అందని కంటైనర్ల విషయంలో, పాత ధరకు ఒప్పుకున్న మన కంపెనీయే కొత్త సుంకం కట్టాల్సి వచ్చింది. ఆ దెబ్బ తగిలిన కంపెనీ మరుసటి వారం చెరువు గట్టు మీద ధర చెప్పేటప్పుడు ఏం చేస్తుందో మీరు కళ్లారా చూశారు.

కాగితం మీద కట్టేది ఎవరైనా, భారం మోసేది ఎవరన్నది వేరే లెక్క. ఎవరు ఎంతకాలం ఆగగలరన్నదాన్ని బట్టి అది తేలుతుంది. అమెరికన్లు తినే రొయ్యల్లో 90 శాతానికి పైగా దిగుమతులే. అన్ని దేశాల మీదా ఒకే సుంకం పడి ఉంటే అక్కడి దుకాణాల్లోనే ధర పెరిగేది, భారంలో పెద్ద వాటా వాళ్ల వినియోగదారుడి మీద పడేది. జరిగింది అది కాదు. ఆగస్టులో ఈక్వెడార్ మీద 15, ఇండోనేషియా మీద 19, వియత్నాం మీద 20 శాతం వేసి, మన మీద 50 వేశారు. ఈక్వెడార్ సరుకుకూ మన సరుకుకూ మధ్య 35 పాయింట్ల తేడా. అమెరికా కొనుగోలుదారుడికి వేరే దారి ఉంది కాబట్టి ఆ తేడాను తన జేబులోంచి ఇవ్వడు. మన ఎగుమతిదారుడు శీతల గిడ్డంగిలో సరుకు పెట్టుకుని కొన్ని నెలలు ఆగగలడు, కాస్త లాభం తగ్గించుకోగలడు, మిగిలినదాన్ని వెనక్కి తోస్తాడు. వెనక ఉన్నది మీరు. ప్రతి రోజూ మేత వేయాలి, నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆడాలి, తెల్లమచ్చ వ్యాధి వస్తుందేమోనని భయం. సైజుకొచ్చిన రొయ్యను చెరువులో నిలబెట్టుకుని బేరం ఆడే అవకాశం రైతుకు ఉండదు. ఈ గొలుసులో ఆగలేనివాడు మీరొక్కరే కనుక అందరి నష్టం మీ ధరలో కనిపిస్తుంది.

దీనికి తోడు మనం ఒకే బజారు మీద ఎక్కువగా ఆధారపడ్డాం. 2024-25లో దేశం నుంచి దాదాపు 7.4 లక్షల టన్నుల ఫ్రోజెన్ రొయ్యలు ఎగుమతయ్యాయి, విలువ 43,000 కోట్ల రూపాయల పైచిలుకు. అందులో 3.1 లక్షల టన్నులు ఒక్క అమెరికాకే వెళ్లాయి. ఆ సరుకులో సింహభాగం మన కోస్తా చెరువులదే.

ఇక మీరు అమెరికా సుంకం అని ఒకే మాటగా అంటున్నది నిజానికి నాలుగు సుంకాలు. రొయ్య మీద అమెరికా సాధారణ సుంకం సున్నా. దాని మీద 2025 ఆగస్టు 7 నుంచి అమలైన 25 శాతం ఒకటి. రష్యా చమురు కొంటున్నామన్న కారణంతో ఆగస్టు 27 నుంచి వేసిన మరో 25 శాతం రెండోది. మూడోది సరుకును చవకగా కుమ్మరిస్తున్నారంటూ వేసే యాంటీ డంపింగ్ సుంకం, చాలా కంపెనీలకు 2.49 శాతం. నాలుగోది సబ్సిడీలకు ప్రతిగా వేసే కౌంటర్‌వెయిలింగ్ సుంకం, చాలా కంపెనీలకు 5.77 శాతం. అన్నీ కలిపితే 58.26. పత్రికల్లో కనిపించిన 58 శాతం ఇదే.

మొదటి రెండూ అధ్యక్షుడి సంతకంతో వచ్చాయి, మరో సంతకంతో పోవచ్చు, తగ్గనూవచ్చు. ప్రస్తుతం మనల్ని ముంచుతున్నది అవే అనడంలో సందేహం లేదు. అయినా నాకు ఎక్కువ ఆందోళన కలిగించేవి చివరి రెండు చిన్న అంకెలు. అవి చెరువు అడుగున పేరుకున్న బురద లాంటివి. నీళ్లు మార్చినంత మాత్రాన పోవు. దేశాధినేతలు చేతులు కలిపినా, వాణిజ్య ఒప్పందం కుదిరినా వాటంతట అవి తొలగవు. వాటికి వేరే చట్టం, వేరే విచారణ, వేరే గడువులు ఉన్నాయి. అందులో మొదటిదానికి ఇప్పటికే ఇరవై ఏళ్లు.

ఆ చరిత్ర కొంచెం తెలుసుకోవాలి. 2003 డిసెంబరు 31న అమెరికాలోని గల్ఫ్ ఆఫ్ మెక్సికో, అట్లాంటిక్ తీరాల రొయ్యల వేటగాళ్లు, ప్రాసెసర్లు కలిసి ఆరు దేశాల మీద ఫిర్యాదు చేశారు: భారత్, థాయిలాండ్, వియత్నాం, చైనా, ఈక్వెడార్, బ్రెజిల్. సాగు రొయ్యను చవకగా కుమ్మరించి తమ బతుకు తీస్తున్నారన్నది వాళ్ల వాదన. 2005 ఫిబ్రవరిలో సుంకం ఖరారైంది. విడిగా విచారించని భారతీయ కంపెనీలన్నిటికీ 10.17 శాతం పడింది.

డంపింగ్ అంటే స్వదేశంలో అమ్మే ధర కంటే తక్కువకు విదేశంలో అమ్మడం. మన దగ్గర తల తీసి, ఒలిచి, ఫ్రీజ్ చేసిన రొయ్య అమ్మకం చాలా తక్కువ. పోల్చడానికి స్వదేశీ ధర లేనప్పుడు మనం మూడో దేశానికి అమ్మిన ధరతోనో, ఖర్చుకు లాభం కలిపి కట్టిన ధరతోనో పోలుస్తారు. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మీ దగ్గర కొన్న పచ్చి రొయ్య ఖరీదు, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు) వారీగా దాని పంపకం, ఐస్, రవాణా, కూలీ, తల తీస్తే తగ్గిన బరువు అన్నీ పత్రాలతో రుజువు చేయాలి. చేతి రాత చీటీ మీద సాగే బేరం వాషింగ్టన్‌లో నిలవదు.

లెక్కవేసే పద్ధతిలోనూ చాలాకాలం అన్యాయం జరిగింది. ఒక కంపెనీ పది అమ్మకాల్లో ఐదింటిని పోలిక ధర కంటే డాలరు ఎక్కువకు, ఐదింటిని డాలరు తక్కువకు అమ్మిందనుకోండి. సగటున డంపింగ్ లేదు. అమెరికా వాణిజ్య శాఖ ఎక్కువకు అమ్మిన ఐదింటినీ సున్నాగా లెక్కగట్టి, తక్కువకు అమ్మినవాటినే పరిగణించేది. దాన్నే జీరోయింగ్ అన్నారు. ఈక్వెడార్, థాయిలాండ్, వియత్నాం విడివిడిగా ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లి రొయ్యల కేసుల్లోనే ఆ పద్ధతి తప్పని తేల్పించాయి.

వసూలైన డబ్బు ఎటు పోయిందన్నది ఇంకా ముఖ్యం. 2000లో తెచ్చిన బర్డ్ సవరణ అనే చట్టం ప్రకారం యాంటీ డంపింగ్ సుంకం సొమ్మును ఫిర్యాదు చేసినవాళ్లకే పంచేవారు. ఫిర్యాదు చేస్తే పోటీదారుకు సుంకం పడుతుంది, ఆ సుంకమూ మనకే వస్తుంది అంటే ఫిర్యాదు చేయకుండా ఎవరుంటారు? ఇది నిబంధనలకు విరుద్ధమని 2003లోనే వాణిజ్య సంస్థ అప్పీలు మండలి తేల్చింది. 2006లో చట్టం రద్దయినా 2007 సెప్టెంబరు దాకా దిగుమతైన సరుకు మీది సొమ్మును పంచుతూనే పోయారు.

మన దేశం గెలిచిన కేసు ఒకటుంది. మన రొయ్యల చరిత్రలో దాన్ని తగినంతగా చెప్పుకోలేదన్నది నా బాధ. యాంటీ డంపింగ్ కేసు నడుస్తుండగా అమెరికా కస్టమ్స్ ఒక కొత్త షరతు పెట్టింది. సుంకం డిపాజిట్ కట్టడం చాలదు, గత 12 నెలల్లో తెచ్చిన సరుకు విలువ మీద సుంకం రేటు ప్రకారం ఎంత వస్తుందో అంతకు బాండు కూడా ఇవ్వాలన్నది. అంటే డిపాజిట్ ఒకసారి, బాండు పేరుతో అంత మొత్తం మరోసారి ఇరుక్కుపోతుంది. బాండు ఇచ్చే సంస్థ ఊరికే ఇవ్వదు, తాకట్టు అడుగుతుంది. పెద్ద కంపెనీలు ఎలాగో తట్టుకున్నాయి. చిన్నవాటికి అమెరికా బజారు మూసుకుపోయింది. ఆ షరతును వేరే ఏ సరుకు మీదా పెట్టకుండా రొయ్య మీదే అమలు చేశారు. భారత్, థాయిలాండ్ రెండూ జెనీవాలోని ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లాయి. 2008 జూలైలో అప్పీలు మండలి ఆ బాండు సహేతుకం కాదని తీర్పిచ్చింది. అమెరికా 2009లో ఆ షరతును ఎత్తేసింది. అప్పట్లో పై కోర్టు ఉంది, తీర్పుకు విలువ ఉంది. ఈ తేడా గుర్తుంచుకోండి, మీ రెండో ప్రశ్నకు జవాబు దీనిలోనే ఉంది.

యాంటీ డంపింగ్ సుంకం ఏటా మారుతుంది. సరుకు దిగినప్పుడు కట్టేది డిపాజిట్ మాత్రమే. ఫిబ్రవరి నుంచి జనవరి దాకా అయిన అమ్మకాలను తర్వాత సమీక్షించి అసలు రేటు తేలుస్తారు. అది తేలేసరికి ఏడాదిన్నర, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. డిపాజిట్ కంటే తేలిన రేటు ఎక్కువైతే తేడాను వడ్డీతో కట్టాలి. అన్ని కంపెనీలనూ విచారించే ఓపిక వాళ్లకు లేదు, సాధారణంగా ఇద్దరు పెద్ద ఎగుమతిదారులను ఎంచుకుంటారు. వాళ్లకు తేలిన రేట్ల సగటు మిగతావాళ్లకు వర్తిస్తుంది. అంటే భీమవరంలోని చిన్న ప్లాంట్ రేటు దానికి సంబంధం లేని మరో కంపెనీ ఖాతా పుస్తకాల మీద ఆధారపడుతుంది. విచారణకు పిలిస్తే పత్రాలివ్వని కంపెనీకి శిక్షగా వేసే రేటు వేరు. మన కంపెనీల్లోనే కొన్నిటికి తొలి ఏళ్ల సమీక్షల్లో అది 100 శాతం దాటింది. లెక్కలు పక్కాగా చూపి, వరుసగా సున్నా రేటు సాధించి ఆ సుంకం నుంచి పూర్తిగా బయటపడిన విశాఖ కంపెనీ కూడా ఉంది. ఇది పుస్తకాల మీద నడిచే యుద్ధమని నేను నమ్మడానికి ఈ రెండు ఉదాహరణలూ చాలు.

కౌంటర్‌వెయిలింగ్ సుంకం కొత్తది. 2012లో ఒకసారి ఫిర్యాదు చేశారు. 2013లో అక్కడి అంతర్జాతీయ వాణిజ్య కమిషన్, స్థానిక పరిశ్రమకు హాని జరగలేదని తేల్చడంతో అది వీగిపోయింది. పదేళ్ల తర్వాత 2023 అక్టోబరులో అమెరికా రొయ్యల ప్రాసెసర్ల సంఘం మళ్లీ కదిలింది. ఈసారి హాని జరిగిందని కమిషన్ ఒప్పుకుంది, 2024 డిసెంబరులో సుంకం ఖాయమైంది. వాళ్లు సబ్సిడీగా చూపినవి మన ఎగుమతిదారులు హక్కుగా భావించే పథకాలే: డ్యూటీ డ్రాబ్యాక్, ఎగుమతి సరుకు మీద పడిన పన్నులను తిరిగి ఇచ్చే రోడ్‌టెప్, యంత్రాలను సుంకం లేకుండా తెచ్చుకునే ఈపీసీజీ.

ఇందులో డ్రాబ్యాక్ విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఎగుమతి సరుకు తయారీలో వాడిన ముడిపదార్థాల మీద కట్టిన పన్నును తిరిగి ఇవ్వడం అంతర్జాతీయ నిబంధనల ప్రకారం సబ్సిడీ కాదు. తిరిగి ఇచ్చింది నిజంగా కట్టినదానికంటే మించకూడదు, దాన్ని సరిచూసే వ్యవస్థ ప్రభుత్వానికి ఉండాలి. మన దగ్గర పరిశ్రమ మొత్తానికి ఒక సగటు రేటు కట్టి ఇస్తారు. ఒక్కో కంపెనీ నిజంగా ఎంత పన్ను మోసిందో సరిచూడరు. కనుక ఎక్కువగా ఇచ్చిన భాగమే కాకుండా ఇచ్చినదంతా సబ్సిడీయేనని అమెరికా వాదిస్తుంది. ఆ వాదన కఠినమైనదే. కానీ సరిచూసే వ్యవస్థ కట్టుకోవడం మన చేతిలో ఉన్న పని, దాన్ని ఇన్నేళ్లుగా చేసుకోలేదు.

మన రైతు సంఘాలూ ఎగుమతిదారుల సంఘాలూ ఇప్పుడు ప్రభుత్వాన్ని సాయం అడుగుతున్నాయి. అడగాలి. ఏ రూపంలో అడుగుతున్నామన్నది మాత్రం చాలా ముఖ్యం. ఎగుమతి చేస్తేనే ఇస్తామనే ఏ ప్రోత్సాహకమైనా ప్రపంచ వాణిజ్య నిబంధనల్లో నిషిద్ధ సబ్సిడీ కిందికి వస్తుంది. తలసరి ఆదాయం తక్కువగా ఉన్నన్నాళ్లు మనకు మినహాయింపు ఉండేది, అదీ పోయింది. ఆ కారణంతోనే 2019లో మన ఎగుమతి పథకాలకు వ్యతిరేకంగా వాణిజ్య సంస్థ విచారణ ప్యానెల్ తీర్పు వచ్చింది. దాని తర్వాతే ఎంఈఐఎస్ అనే పాత ఎగుమతి ప్రోత్సాహక పథకం స్థానంలో రోడ్‌టెప్ వచ్చింది. అమెరికా చట్టంలో ఇంకో నిబంధన ఉంది. ప్రాసెస్ చేసిన వ్యవసాయ సరుకు విషయంలో, ముడిసరుకుకు గిరాకీ ప్రధానంగా ఆ ప్రాసెసింగ్ మీదే ఆధారపడి, ప్రాసెసింగ్‌లో కలిసే విలువ కొంచెమే అయితే, రైతుకు ఇచ్చిన సబ్సిడీని కూడా ప్రాసెసర్‌కు ఇచ్చినట్టే లెక్కించవచ్చు. చెరువు కరెంటును యూనిట్ ఒకటిన్నర రూపాయికే ఇచ్చే రాయితీ లాంటివి ఏదో ఒక సమీక్షలో ప్రశ్నగా వస్తాయని ముందే అనుకోవాలి. రాయితీ తీసేయమని నేను అనడం లేదు. వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలలు, రోడ్లు, కాలువల పూడికతీత వంటి అందరికీ పనికొచ్చే సదుపాయాల మీద పెట్టిన రూపాయి అమెరికా లెక్కల్లో చిక్కుకునే ప్రమాదం చాలా తక్కువ. అందుకే సంఘాలు వాటినే గట్టిగా అడగాలి.

మీ రెండో ప్రశ్నకు వస్తాను. రైతుగానీ, కంపెనీగానీ, రాష్ట్ర ప్రభుత్వంగానీ ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేయలేవు. కేంద్ర ప్రభుత్వమే వేయాలి. వేస్తే న్యాయం మన వైపే ఉంటుంది. రొయ్య మీద సుంకం వేయనని అమెరికా ఒప్పుకున్న హద్దును దాటింది, ఒక్కో దేశానికి ఒక్కో రేటు వేసి సమాన వ్యవహార సూత్రాన్నీ ఉల్లంఘించింది. బ్రెజిల్ 2025 ఆగస్టులో ఇలాంటి ఫిర్యాదే చేసింది. కానీ కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకోవడం వల్ల అప్పీలు మండలి 2019 డిసెంబరు నుంచి పనిచేయడం లేదు. కింది ప్యానెల్లో ఓడిన దేశం అప్పీలు చేస్తే ఆ అప్పీలు వినేవాళ్లు లేక తీర్పు అక్కడే ఆగిపోతుంది. ఉక్కు, అల్యూమినియం సుంకాల మీద 2022 డిసెంబరులో ప్యానెల్ తీర్పు వ్యతిరేకంగా వచ్చినప్పుడు అమెరికా అదే చేసింది. 2019 నాటి ఎగుమతి పథకాల కేసులోనూ, తర్వాత చక్కెర కేసులోనూ మన దేశమూ అదే చేసింది. కాబట్టి అమెరికాను తప్పుపట్టే ముందు మనం కూడా ఆ తలుపు మూతపడటం వల్ల లాభపడ్డామని ఒప్పుకోవాలి. ఫిర్యాదు నమోదు చేయడం వల్ల బేరంలో కొంత బలం వస్తుంది, అంతకు మించి మీ పంట ధరకు దాన్నుంచి ఏమీ ఆశించకండి. 2019లో మన దేశం అమెరికా బాదం, యాపిల్ వంటి సరుకుల మీద ప్రతిసుంకం వేసింది. 2023లో రెండు దేశాలూ ఆరు వివాదాలను మాట్లాడుకుని ముగించాక ఆ ప్రతిసుంకాలను చాలావరకు ఎత్తేశారు. ఈసారీ తేలేది సంప్రదింపుల్లోనే.

మూడో ప్రశ్న కోర్టుల సంగతి. మొదటి రెండు సుంకాలకూ ఆధారం 1977 నాటి అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం. ఆ చట్టంలో సుంకం అనే ప్రస్తావనే లేదని దావా వేసినవాళ్ల వాదన. 2025 మే నెలలో అక్కడి అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానం, ఆగస్టు 29న ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 7-4 ఆధిక్యంతో, ఆ చట్టం కింద ఈ సుంకాలు చెల్లవని తేల్చాయి. ఇది రాసేనాటికి సుంకాలు మాత్రం అమల్లోనే ఉన్నాయి. సుప్రీంకోర్టు కేసు స్వీకరించింది, 2025 నవంబరు మొదట్లో వాదనలు వినడానికి నిర్ణయించింది. ఫలితం ఏదైనా అది పై రెండు 25 శాతాలకే వర్తిస్తుంది. యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు వేరే చట్టం కిందివి కాబట్టి అలాగే ఉంటాయి.

సుంకం చెల్లదని తేలి డబ్బు వెనక్కి ఇమ్మంటే అది ఎవరికి వస్తుంది? కస్టమ్స్ రికార్డుల్లో దిగుమతిదారుగా ఉన్నవాళ్లకే. సుంకం సాకుతో మీ దగ్గర ధర తగ్గించి కొన్న కంపెనీయే దిగుమతిదారైతే, మీరు మోసిన భారానికి వాపసు ఆ కంపెనీకి చేరుతుంది. మీకు రావాలని ఏ చట్టమూ చెప్పదు. ఇది నన్ను నిజంగా కలవరపెడుతున్న విషయం. దీని గురించి ఇప్పటికీ ఏ సమావేశంలోనూ గట్టిగా మాట్లాడటం లేదు. ఇప్పటినుంచే కొనుగోలు చీటీ మీద కౌంట్, బరువు, ధరతో పాటు సుంకం వల్ల తగ్గించిన మొత్తం విడిగా రాయించుకోండి. ఒక్క రైతు అడిగితే ఎవరూ రాయరు. మండలం మొత్తం అడిగితే రాస్తారు. వాపసు వస్తే అందులో వాటా ఇస్తామని కంపెనీల చేత సంఘం ద్వారా ముందే ఒప్పించుకోవడం ఇప్పుడైతే సాధ్యం. డబ్బు వచ్చాక అసాధ్యం.

ధర సగం కథే. మిగతా సగం ఖర్చు, దాన్ని శాసించేది మన సొంత వాణిజ్య విధానం. సాగు ఖర్చులో సగానికి పైగా మేతదే, మేతలో ముఖ్యమైనది సోయా పిండి. 2021లో దాని ధర మండిపోయినప్పుడు, జన్యుమార్పిడి సోయా నుంచి తీసిన పిండిని 12 లక్షల టన్నుల దాకా దిగుమతి చేసుకోవడానికి కేంద్రం తొలిసారి అనుమతించింది. కోళ్ల పరిశ్రమ, మేత కంపెనీలు ఊపిరి పీల్చుకున్నాయి. సోయా పండించే రైతులు మండిపడ్డారు, వాళ్ల కోపంలోనూ న్యాయం ఉంది. 2024, 2025 బడ్జెట్లలో తల్లి రొయ్యలు, రొయ్యల మేత, చేపల హైడ్రోలైజేట్ మీద దిగుమతి సుంకాన్ని 5 శాతానికి తగ్గించారు. ఆ తగ్గింపు మీరు కొనే మేత బస్తా ధరలో ఎంత కనిపించిందో మీ సంఘం లెక్క తీసి మేత కంపెనీలను నిలదీయాలి. అమెరికా ఈ సంప్రదింపుల్లో మనల్ని అడుగుతున్నవాటిలో సోయా, మొక్కజొన్న బజార్లు తెరవడం కూడా ఉంది. మన రొయ్య రైతు లాభం ఇంకో రైతు నష్టంతో ముడిపడి ఉన్న చోట ఢిల్లీ ఎందుకు తడబడుతుందో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు.

వేరే బజార్ల గురించి చాలామంది తేలిగ్గా మాట్లాడుతున్నారు. బ్రిటన్‌తో 2025 జూలై 24న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అది అమల్లోకి వస్తే మన రొయ్య మీద అక్కడి సుంకం పోతుంది. ఇది రాసేనాటికి ఇంకా అమల్లోకి రాలేదు. పైగా అమెరికా వదిలేసినంత సరుకును కొనేంత పెద్ద దేశం కాదది. ఐరోపా సమాఖ్య పెద్దది. 2025 సెప్టెంబరులోనే మన దేశంలోని మరో 102 యూనిట్లకు అక్కడికి ఎగుమతి చేసే అనుమతి ఇచ్చింది. కానీ 2016 నుంచి మన సాగు రొయ్యల కంటైనర్లలో సగాన్ని ఆపి యాంటీబయాటిక్ పరీక్ష చేస్తున్నారు. నైట్రోఫ్యూరాన్, క్లోరాంఫెనికాల్ జాడ దొరికితే సరుకు తిప్పి పంపుతారు. సుంకం ఎంతన్నది మన చేతిలో లేదు. చెరువులో ఏం వేస్తున్నామన్నది పూర్తిగా మన చేతిలోనే ఉంది. దుకాణంవాడు ఇచ్చిన పేరు తెలియని పొడిని నమ్మి చెరువులో కలిపితే ఆ తప్పు మీ ఒక్కరితో పోదు, ఆ ప్రాంతం మొత్తం ఐరోపా బజారుకు దూరమవుతుంది.

అందుకే చెరువును ఎంపెడాలో (కేంద్రం కింది సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ) నమోదు చేయించుకోండి, పట్టుబడికి ముందు పరీక్ష చేయించి ఆ ధ్రువపత్రం దగ్గర పెట్టుకోండి, మేత, సీడ్, మందుల బిల్లులు పడేయకండి. ఐరోపాకు పంపే ప్లాంట్‌కు ఆ కాగితం ఉన్న సరుకే కావాలి. ఇక చైనా ఎక్కువగా తలతో, పెంకుతో ఉన్న సరుకు కొంటుంది. అమెరికాకు పోయేది చాలావరకు ఒలిచిన సరుకు. మీ ప్లాంట్ ఏ దేశానికి ఏ రకం పంపుతుందో తెలుసుకుని దానికి తగ్గ కౌంట్‌లో పట్టుబడి వేసుకోవడం మంచిది.

తర్వాతి పంట సంగతి. మీ చెరువు సొంతమా, లీజుకు తీసుకున్నదా అన్నది రాయలేదు కనుక రెండూ చెబుతాను. సొంత చెరువైతే పూర్తిగా ఆపేయకండి. చదరపు మీటరుకు 60 పిల్లల దాకా చట్టం అనుమతిస్తుంది, ఈ పంటకు దాని దరిదాపులకు కూడా పోకండి. పల్చగా వేస్తే మేత ఖర్చు తగ్గుతుంది, వ్యాధి ఒత్తిడి తగ్గుతుంది, ధర బాగాలేని వారంలో మరో పది రోజులు ఆగే వెసులుబాటు కొంతైనా దొరుకుతుంది. ఎనిమిది ఎకరాలూ ఒకేసారి వేయకుండా నెల తేడాతో రెండు విడతలుగా వేసుకోండి. మేత అప్పుగా ఇచ్చి పంట తనకే అమ్మాలనే షరతు పెట్టే వ్యాపారి దగ్గర ఈ సీజన్‌లో ఇరుక్కోవద్దు, ధర పడినప్పుడు మీ చేతులు కట్టేసేది ఆ షరతే. లీజు చెరువైతే, కౌలు మొత్తం ముందే కట్టమని అడుగుతుంటే, సుప్రీంకోర్టు వాదనలు, ఢిల్లీ-వాషింగ్టన్ సంప్రదింపులు ఎటు పోతాయో తేలేదాకా కొత్త లీజు రాసుకోకండి. పాత లీజు నడుస్తుంటే యజమానితో కూర్చుని, ఈ ఏడాది కౌలును మీరు అమ్మిన ధరతో ముడిపెట్టమని అడగండి. కొల్లేరు వైపు కొందరు యజమానులు ఇప్పటికే దీనికి ఒప్పుకున్నారని విన్నాను. మీ దగ్గరా సంఘం తరఫున ప్రయత్నించండి.